తోడు లేని రాడ్డు

లారీలు బాగుచేసే మనిషికి లారీ ఎక్కాలంటే భయమంటే నవ్వు రాదూ? తాండూరులో చాలామందే నవ్వారు. మొహియుద్దీన్ పొద్దస్తమానం వికారాబాదు రోడ్డు మీది షెడ్డులో లారీల కింద దూరి పనిచేసేవాడు. అదే మనిషి ధారూరు దాకా పోవాలన్నా స్టేషనుకు నడిచి రైలెక్కేవాడు. రైలు తప్పిపోతే పెళ్లయినా చావయినా మానుకునేవాడు. "ఇంజను విప్పుతవు, బిగిస్తవు, కూసోమంటె మాత్రం కూసోవు. ఏం మేస్త్రివయ్యా!" అని డ్రైవర్లు ఎకసెక్కాలాడేవాళ్లు. అనేవాళ్లకేం పోయింది? వాళ్లలో ఒక్కడైనా బండల లోడు కింద నలిగి బయటపడ్డవాడైతే కదా తెలిసేది.

అరవై తొమ్మిదిలో, ఊళ్లన్నీ హర్తాళ్లతో అట్టుడికిపోతున్న రోజుల్లో, అతను బండల లారీలో వికారాబాదు బయల్దేరాడు. అప్పటికింకా మీసాలు సరిగా రాలేదు. అనంతగిరి ఘాట్ దిగుతుంటే బ్రేకు అందలేదు. డ్రైవరు వేరే దారి లేక బండిని కొండవైపు కొట్టాడు. బండి ఆగింది గానీ, వెనకున్న బండలు ఆగలేదు. ఒకదాని మీద ఒకటి జారుకుంటూ క్యాబిన్‌ను చీల్చుకుని ముందుకొచ్చాయి. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. మొహియుద్దీన్‌కు భుజం ఎముక విరిగింది, అంతే. ఎముక అతుక్కుంది. ఆ చప్పుడు మాత్రం, బండ మీద బండ జారే ఆ గరగర, చెవిలోంచి పోలేదు. తాండూరులో ఆ చప్పుడు వినపడని వీధి ఎక్కడుంది? పొద్దున లేస్తే ఎక్కడో ఒకచోట బండలు ఎత్తుతుంటారు, దించుతుంటారు. మొహియుద్దీన్‌కు ఆ భయం రోజూ పొద్దుటి చాయ్‌తో పాటే అందేది.

షెడ్డు ఇమాముద్దీన్ ఉస్తాద్‌ది. మొహియుద్దీన్‌కు సొంత మేనమామ, తర్వాత పిల్లనిచ్చిన మామ కూడా. ఉస్తాద్ ఎస్టిమేటు చెప్పే తీరే వేరు. కాగితమూ కలమూ ఉండేవి కావు. బండి యజమానిని వెంటబెట్టుకుని, పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లకు కూడా వినపడేట్టు గట్టిగా, బండి చుట్టూ తిరుగుతూ చెప్పేవాడు. ఏ భాగం పేరు చెబితే దాని మీద చెయ్యి వేసేవాడు. ముందు కంపెనీ సామాను, అంటే పట్నం దుకాణాల్లో దొరికేది, కంపెనీ రేట్ల పుస్తకంలో ఉన్నది. తర్వాత చేతి సామాను. ఏ పుస్తకంలోనూ లేక, ఏ దుకాణంలోనూ దొరక్క, షెడ్డులోనే కొలిమిలో కాల్చి లేత్ మిషన్ మీద తిప్పి చేసేది. పాత మోడలు బండ్లకు అదే దిక్కు. ఆ తర్వాత లేబరు. విప్పుడు, బిగించుడు, వెల్డింగు. చేతి సామాను ఒక్కటున్నా సరే, లేబరు చివర ఇంకో మాట కలిపేవాడు. "తోడు" అని.

తోడంటే మరేం లేదు. ఆ సామానుతో బండి మొదటిసారి లోడెత్తుకుని పోయేటప్పుడు, దాన్ని చేసిన మనిషి క్యాబిన్‌లో కూర్చుని వెంట పోవాలి. దానికి పైసలు తీసుకునేవాడు కాదు, దారిలో చాయ్ తాగించాలి, అంతే. "కంపెనీ సామాను ఇరిగితె జనం కంపెనీని తిడ్తరు. మనది ఇరిగితె? తిట్లు పడెటందుకైన ఆడ మనం ఉండాలె గద" అనేవాడు ఉస్తాద్. ఆ ఒక్క మాటతోనే ఆ షెడ్డుకు గుల్బర్గా వైపు నుంచి కూడా బండ్లు వచ్చేవి.

రివాజు ప్రకారం చేసినవాడే పోవాలి. లేత్ మీద చెయ్యి తిరిగినవాడు మొహియుద్దీన్. అతను తిప్పిన పిన్ను, అతను కోసిన మర ఉస్తాద్‌కు కూడా రాదు. మొదటిసారి వంతు వచ్చినప్పుడు లారీ మెట్టు మీద కాలు పెట్టి అక్కడే కొయ్యబారిపోయాడు. కింద నిలబడ్డ నలుగురూ చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అయినా రెండో కాలు లేవదు. ఉస్తాద్ వచ్చి భుజం పట్టి పక్కకు జరిపాడు. "నువ్వు షెడ్డు చూస్కో, నేను పోయొస్త" అని తనే ఎక్కి కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడూ మేనల్లుణ్ణి పిలవలేదు, ఒక్క మాట అనలేదు. బీడీ ముట్టించుకుని, పెళ్లికి పోయేవాడిలా దర్జాగా ఎక్కేవాడు. మేనల్లుడు చేసిన సామాను మీద మామ ఏళ్ల తరబడి ఘాట్లు ఎక్కి దిగాడు.

డెబ్బై ఎనిమిదిలో ఉస్తాద్‌కు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది. మాట ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. షెడ్డు మొహియుద్దీన్ చేతికొచ్చింది. షెడ్డుతో పాటు ఎస్టిమేటు చెప్పడమూ వచ్చింది.

అతనొక ఉపాయం చేశాడు. చేతి సామాను చెప్పడమే మానేశాడు. చేతి సామాను లేకపోతే తోడు లేదు, తోడు లేకపోతే ఘాటు లేదు. "గిది దొరకదు, పట్నం నుంచి రావాలె" అనేవాడు. పట్నం నుంచి అది ఎన్నటికీ రాదని అతనికీ తెలుసు, వచ్చినవాడికీ తెలుసు. బండ్లు షెడ్డు ముందు టైర్లలో గాలి పోయేదాకా నిలబడి, చివరికి తాళ్లు కట్టించుకుని వేరే ఊళ్లకు పోయేవి. లేత్ మిషన్ మీద గోనెపట్టా కప్పాడు.

"మిషన్ గట్ల మూలకు పడ్డదేంది?" అని అతని భార్య జమాలున్నీసా ఒకరోజు అడిగింది.

"పని లేదు."

"పని లేదా, నీకు భయమా?"

మొహియుద్దీన్ తింటున్న పళ్లెం తోసేసి లేచిపోయాడు. భయమని ఒప్పుకోలేని మగవాడికి కోపం చాలా పనికొస్తుంది.

ఎనభై ఒకటిలో ఈరయ్య వచ్చాడు. ధారూరు దగ్గరి కురుమల పిల్లవాడు, గొర్లు కాసిన ఇంట్లో పుట్టి లారీ డ్రైవరైనవాడు. ఎన్నో ఏళ్లు వాళ్లదీ వీళ్లదీ బండ్లు తోలి, చివరికి ఉన్న మందంతా అమ్మి ఒక పాత మిలటరీ లారీ కొన్నాడు. కొన్నాక వానలు రెండు పడ్డాయో లేదో, స్టీరింగ్ రాడ్డు పగులుబారింది. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరగాలంటే మధ్యన ఉండే ఉక్కు కడ్డీ అది. అది విరిగిందంటే స్టీరింగ్ చేతిలో గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం తనకిష్టమైన చోటికి పోతుంది. ఆ మోడలు రాడ్డు పట్నంలో కాదు, బొంబాయిలో కూడా లేదన్నారు.

మొహియుద్దీన్ పాత పాటే పాడాడు. ఈరయ్య మెత్తని మనిషి, మారు మాట్లాడకుండా రోజూ వచ్చి బండి పక్కన కూర్చుని పోయేవాడు. అతని భార్య బీరమ్మ అట్లాంటిది కాదు. చంటిబిడ్డను చంకనేసుకుని నేరుగా షెడ్డులోకి వచ్చి, గోనెపట్టా లాగి పడేసింది.

"గొర్లు పాయె. బండి జూస్తె గిట్ల పండె. బండల సేటు ఇంకొన్ని దినాలు జూసి లోడు వేరేటోనికి ఇస్తనన్నడు. గీ మిషన్‌ను గిట్ల పండవెట్టుకొని నువ్వు దొరకదంటవేంది అన్నా? మేమేం తినాలె?"

మొహియుద్దీన్ ఆ బిడ్డను చూశాడు, మిషన్‌ను చూశాడు. నోటికి అబద్ధం రాలేదు. "చేస్త చెల్లె" అన్నాడు.

పాత యాక్సిల్ ఒకటి ఏరి తెచ్చాడు. మంచి ఉక్కు. కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొట్టాడు, లేత్ మీద తిప్పాడు, రెండు కొసలకూ మరలు కోశాడు. సుత్తితో తట్టి చెవి ఆనించి విన్నాడు. గంటలా మోగింది. మళ్లీ తట్టాడు. మళ్లీ మోగింది. ఆ చేతుల నుంచి అంత మంచి పని అంతకుముందు రాలేదు. అయినా ఏం లాభం? ఉక్కు లోపల ఏముందో ఎవడు చూశాడు? వెంట్రుక సందు పగులు చాలు, ఘాట్‌లో లోడు మీద తెరుచుకోవడానికి. అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన, నమాజుకు నిలబడితే అదే ఆలోచన.

బిగించిన రోజు ఎస్టిమేటు చెప్పాల్సి వచ్చింది. ఈరయ్య వెంట నడుస్తున్నాడు. హోటల్లో చాయ్ కప్పులు ఆగిపోయాయి. చాలా రోజుల తర్వాత ఆ షెడ్డులో చేతి సామాను మాట వినబోతున్నారు మరి.

"కంపెనీ సామాను, గ్రీసు, బోల్టులు. చేతి సామాను, స్టీరింగ్ రాడ్డు." రాడ్డు మీద చెయ్యి వేశాడు. "లేబరు. విప్పుడు, బిగించుడు, లేత్ పని..."

అక్కడ ఆగాడు. ఆ రెండక్షరాల మాట ఒక్కటే మిగిలింది. చెవిలో బండలు జారాయి.

"అంతే" అన్నాడు.

ఈరయ్య అతని ముఖంలోకి అట్లా చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు నలుగురిలో పరువు పోతుందని మొహియుద్దీన్ బిక్కచచ్చిపోయాడు. ఈరయ్య అడగలేదు. మెల్లగా అతని ముఖం వికసించింది. రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఎందుకో మొహియుద్దీన్‌కు తెలియలేదు. గండం గడిచిందనుకుని ఇంటికి పోయాడు.

ఎందుకో మర్నాడు పొద్దున తెలిసింది. షెడ్డు తెరవడానికి వస్తుంటే హోటలు ముందు ఈరయ్య లారీ నిలబడి ఉంది, నిండా బండల లోడుతో. ఈరయ్య గ్లాసు చేత పట్టుకుని అందరికీ చెబుతున్నాడు.

"ఉస్తాద్ జమానల గూడ తోడు లేకుంట చేతి సామాను కదిలిందా? ఎన్నడన్న జూసిన్రా? మొహిద్దీన్ భాయ్ తోడే చెప్పలే! గంత ధీమా అన్నట్టు ఆ రాడ్డు మీద. కంపెనీది గూడ దీని ముంగట పనికిరాదు!"

చాయ్ తాగేవాళ్లు తలలూపుతున్నారు. ఒకరిద్దరు మొహియుద్దీన్‌కు సలాములు కూడా పెట్టారు. తన పిరికితనాన్ని ఊరంతా హామీగా తీసుకుందని అతనికి అప్పటికి అర్థమైంది. అప్పుడే క్యాబిన్‌లోంచి నవ్వు వినపడింది. తలెత్తి చూస్తే తోడు కూర్చోవాల్సిన సీట్లో బీరమ్మ. ఒళ్లో చంటిబిడ్డ. కాళ్ల దగ్గర ట్రంకుపెట్టె.

"నవాబుపేటల మా తల్లిగారింట్ల బీరప్ప పండుగ అన్నా" అంది బీరమ్మ. "బస్సుల పోదామనుకున్న. తోడు లేదన్నవంట గద, సీటు ఖాలీనే ఉన్నది, ఎక్కు అన్నడు."

మొహియుద్దీన్ ఈరయ్యను పక్కకు లాగాడు.

"ఈరయ్యా, ఆడమనిషిని, బిడ్డను దించు. బస్సుల పోనీ."

ఈరయ్య ముఖంలో వెలుగు పోయింది. "ఎందుకు భాయ్? రాడ్డుల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు."

"మరి దించుడెందుకు?"

రాడ్డు మంచిదంటే వాళ్లు దిగరు. అనుమానమంటే బండి ఆగుతుంది. అందరి ముందూ ఆగిందంటే ఆ బండికి మళ్లీ ఎవరూ లోడివ్వరు, అమ్మిన గొర్లు తిరిగిరావు. నాకు భయమై తోడు చెప్పలేదని ఒక్క ముక్క అంటే చాలు, అన్నీ తేలిపోతాయి. ఆ ముక్క కోసం మొహియుద్దీన్ నోరు తెరిచాడు. క్యాబిన్‌లో బిడ్డ ఎందుకో కేరింతలు కొట్టింది.

అతను గబగబా నడిచి తలుపు తీశాడు. "జర జరుగు చెల్లె" అన్నాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో కాలు లేవలేదు. తన చేత్తో తనే మోకాలి కింద పట్టుకుని, బరువు మూట ఎత్తినట్టు ఎత్తి లోపల వేసుకున్నాడు.

ఘాట్ మొదలయ్యే కేరెల్లి దాకా ఎట్లా పోయాడో అతనికి గుర్తు లేదు. పైకెక్కుతున్నంతసేపూ కలిమా చదువుతూనే ఉన్నాడు. చెట్లు దగ్గరికొచ్చాయి, రోడ్డు సన్నబడింది. కొండ మీద దర్శనానికి పోయే జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఆ తర్వాత దిగుడు మొదలైంది. మొదటి మలుపులోనే, వెనక నుంచి, గరగర.

"ఆపు!" అని కేక పెట్టాడు. అది కేక కాదు, గొర్రె అరుపులా వచ్చింది.

ఈరయ్య కొండవైపు ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టాడు. మొహియుద్దీన్ దిగి బండి కింద దూరాడు. రాడ్డు పట్టుకున్నాడు. గట్టిగా ఊపి చూశాడు, కదల్లేదు. రెండు కొసలూ తడిమాడు. మరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బయటికి వచ్చి వెనక చూస్తే, లోడుకు కట్టిన గొలుసు వదులై వెనక డాలా రేకుకు రాసుకుంటోంది. చప్పుడు దానిదే. ఈరయ్య గొలుసు బిగించాడు.

ఇప్పుడింక ఎవరూ ఏమీ అనరు. రాడ్డు చూశాడు, మంచిగుందన్నాడు, పని అయిపోయింది. వెనక బస్సు హారన్ వినబడుతోంది, చెయ్యెత్తితే ఆగుతుంది. కాదంటే నడిచి దిగొచ్చు. మొహియుద్దీన్ రోడ్డు మీద నిలబడి, వంకర తిరుగుతూ కిందికి పోయే ఆ దారిని చూశాడు. తను ఎముక విరిగి పడిన మలుపు ఇంకా కిందనే ఉంది. మళ్లీ ఎక్కడం తన వల్ల కాదనిపించింది. పొద్దున ఆలోచించకుండా ఎక్కాడు, ఇప్పుడు ఆ దారిని కళ్లారా చూసి ఎక్కాలి.

"ఏమాయె అన్నా?" అంది బీరమ్మ కిటికీలోంచి. ఇప్పుడామె గొంతులో నవ్వు లేదు. బిడ్డను రొమ్ముకు గట్టిగా అదుముకుని ఉంది. "మంచిగనే ఉన్నదా? దిగమంటవా?"

ఆమె కళ్లు అతని కాళ్ల మీదున్నాయి. అతను ఎక్కితే ఆమె కూర్చుంటుంది. ఎక్కకపోతే దిగిపోతుంది, ఈరయ్య ఒక్కడే తోలుకుని పోతాడు, దారి పొడుగునా ఆ రాడ్డును శంకిస్తూ. శంకిస్తూ తోలేవాడి చేతులు ఎట్లా ఉంటాయో మొహియుద్దీన్‌కు తెలుసు.

"మంచిగనే ఉన్నది" అని ఎక్కాడు.

ఆ మలుపు వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తలుపు పిడిని ఒక చేత్తో, సీటును ఒక చేత్తో పట్టుకున్నాడు. పై ప్రాణాలు పైనే పోతున్నాయి. పక్కన బిడ్డ ఏడుస్తోంది, బీరమ్మ ఏదో మొక్కు మొక్కుకుంటోంది. బండి ఒరిగింది, నిలదొక్కుకుంది, తిరిగింది. మళ్లీ ఒరిగింది, తిరిగింది. ఎంతసేపటికో బిడ్డ ఏడుపు ఆగింది. కళ్లు తెరిస్తే వికారాబాదు ఇళ్ల కప్పులు కనబడుతున్నాయి.

బీరమ్మను నవాబుపేట బస్సెక్కించి ఇద్దరూ హోటల్లో కూర్చున్నారు. మొహియుద్దీన్ చేతిలో గ్లాసు సాసరు మీద టకటక కొట్టుకుంటోంది. ఎంత పట్టినా ఆగదు. చాయ్ సగం అంగీ మీదే పోయింది.

"నవ్వుతె నవ్వు" అన్నాడు రోషంగా. "భయమయ్యే తోడు చెప్పలే. ధీమా గీమా ఏం లేదు."

ఈరయ్య నవ్వలేదు. "ఎందుకు నవ్వుత భాయ్? ఉస్తాద్ గూడ గిట్లనే గద."

"ఏందీ?"

"నేను డ్రైవరుగ ఉన్నప్పుడు నా పక్కన ఎన్నిసార్లు కూసున్నడో. తాండూర్ దాటెదాక బీడీ, ముచ్చట్లు. ఘాట్ మొదలైతె చాలు, కండ్లు మూస్కొని నా అంగి పట్కునేటోడు. ఓసారి అంగి చినిగింది. దిగినంక జర్రసేపు నడువనే రాకపోతుండె. 'ఎవ్వనికి చెప్పకు, మొహియుద్దీన్‌కు అస్సలే చెప్పకు' అని నాతోని ఒట్టేయించుకున్నడు. ఇయ్యాల నిన్ను జూసి నోరు ఆగలే."

ఆ తర్వాత ఎనభైలన్నీ ఆ లేత్ మిషన్ ఆగకుండా తిరిగింది. మొహియుద్దీన్ ప్రతి ఎస్టిమేటు చివరా తోడు చెప్పాడు, ప్రతి తోడుకూ పోయాడు. ఒక్కసారైనా భయం తగ్గిందా అంటే లేదు. డ్రైవర్లు ఎకసెక్కాలాడడమూ మానలేదు. కానీ అదంతా తర్వాతి మాట. ఆ రోజు రైల్లో తాండూరు చేరి, చేతులు కూడా కడుక్కోకుండా ఉస్తాద్ మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"మామూ, లారీల నీకు భయమైతుండెనా?"

ఉస్తాద్ అతని బట్టల మీది దుమ్ము చూశాడు, అంగీ మీది చాయ్ మరక చూశాడు. ఎక్కణ్ణించి వచ్చాడో అర్థమైంది. బాగున్న సగం ముఖంతో నవ్వాడు.

"మస్తు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే? గన్ని ఏండ్లు?"

మాట కూడదీసుకోవడానికి ముసలాయనకు చాలాసేపు పట్టింది. మొహియుద్దీన్ వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"చెప్తే... నన్ను ఎక్కనియ్యొద్దని... నువ్వు మళ్ల... లేత్ ముట్టకపోతుంటివి" అన్నాడు ఉస్తాద్.